పుస్తకం పేరు మార్చిన మనిషి

మా తాతయ్య పోయాక ఇల్లు సర్దుతుంటే అటక మీద ఆయన లెక్కల పుస్తకం ఒకటి దొరికింది. ఎర్రగుడ్డ అట్ట, పొడవాటి కాగితాలు, నడుమ దారంతో కుట్టింది. ఒక పేజీలో రెండు పుట్ల ఏడు తూములని రాసి ఉంది. పక్కన కూర్చున్న నాయనమ్మ "ఎంతరా అది మొత్తం?" అని అడిగింది. అప్పటికి నా ఇంజనీరింగ్ అయిపోయింది. మైలుకి ఎన్ని కిలోమీటర్లో, గ్యాలన్‌కి ఎన్ని లీటర్లో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. పుట్టికి ఎన్ని తూములో మాత్రం తెలియదు. ఇరవై తూములు ఒక పుట్టి, నాలుగు కుంచాలు ఒక తూము అని ఆవిడే చెప్పింది. ఆవిడ చదివింది మూడో తరగతి వరకే. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అయినా ఆ పూట నాకు అన్నం సహించలేదు. మా ఇంటి పంట లెక్క నాకే చదవడం రాలేదు.

ఇలాంటి సిగ్గే 1813లో యూరప్‌లో ఒక పదిహేనేళ్ల కుర్రాడికి కలిగింది. ట్రెంచీన్ అనే ఊళ్లో తెలిసినవాళ్ల ఇంట్లో దిగాడు. ఆ ఇంటాయన దగ్గర ఒక చెక్ పత్రిక ఉంది. అందులో తనకు అర్థంకాని మాటలు చూపించి, వాటికి అర్థం చెప్పమని అడిగాడు. కుర్రాడికి లాటిన్ వచ్చు, జర్మన్ వచ్చు. ఇంట్లో పుట్టినప్పటినుంచీ మాట్లాడే చెక్ భాషలో అచ్చయిన మాటలకి అర్థం చెప్పలేక నీళ్లు నమిలాడు. ఆ తర్వాత అరవై ఏళ్లపాటు చేసిన పనికి అదే మొదలని పెద్దయ్యాక ఆయనే చెప్పుకున్నాడు.

ఆయన పేరు ఫ్రాంతిషెక్ పలాత్స్కీ. పేరు మనకి కొత్త. నేనూ రెండేళ్ల కిందట ఆఫీసు పని మీద మూడు నెలలు ప్రాగ్‌లో ఉన్నప్పుడే మొదటిసారి విన్నాను. ఏటీఎంలోంచి వచ్చిన వెయ్యి క్రౌన్ల ఊదారంగు నోటు మీద పెద్ద గడ్డం, తీక్షణమైన కళ్లతో ఒక ముసలాయన బొమ్మ ఉంది. రాజేమో అనుకున్నాను. ఆఫీసులో అడిగితే "కాదు, చరిత్రకారుడు" అన్నారు. డబ్బు నోటు మీద చరిత్రకారుడి బొమ్మా అని ఆశ్చర్యపోయాను. అప్పటినుంచి ఆయన గురించి దొరికిందల్లా చదువుతూనే ఉన్నాను.

చరిత్రకారుడు రాజకీయాల్లోకి రాకూడదని మనలో చాలామంది అంటారు. వస్తే చరిత్ర పాడవుతుందని భయం. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. పలాత్స్కీ జీవితం చదివాక ఆ మాట సగమే నిజమనిపించింది. ఒక జనానికి చరిత్ర ఉందని పెద్దవాళ్లెవరూ ఒప్పుకోని చోట, పాత కాగితాలు ఏరి దుమ్ము దులిపి అచ్చువేయడమే రాజకీయం. అక్కడ రెండు పనుల మధ్య గోడ కట్టడం కుదరదు. ఆయన్ని మెచ్చుకోవాల్సింది దానికే, నిలదీయాల్సిందీ దానికే. రెండూ చేయకపోతే ఆయనకి న్యాయం చేసినట్టు కాదని నా వాదన.

పలాత్స్కీ 1798 జూన్ 14న, ఇప్పటి చెక్ దేశపు తూర్పు ప్రాంతమైన మొరావియాలోని హొద్‌స్లావిత్సె అనే పల్లెలో పుట్టాడు. తండ్రి బడిపంతులు. వాళ్లది ప్రొటెస్టెంట్ కుటుంబం. కాథలిక్ మతం తప్ప ఇంకేదీ ఒప్పుకోని, వియన్నా నుంచి ఏలే హాబ్స్‌బర్గ్ వంశపు రాజ్యంలో ఇలాంటి కుటుంబాలు తరాలపాటు తమ విశ్వాసాన్ని దాచుకుని బతికాయి. 1781లో సహన శాసనం వచ్చాకే బయటపడి చెప్పుకోగలిగాయి. కాబట్టి అధికారులు రాసిన చరిత్ర ఒకటి, ఇంట్లో పెద్దవాళ్లు గుసగుసగా చెప్పే చరిత్ర ఇంకొకటి ఉంటాయని ఆ పిల్లవాడికి ఎవరూ ప్రత్యేకంగా నేర్పనక్కర్లేదు. 1415 జూలై 6న కాన్‌స్టాన్స్‌లో సజీవంగా తగలబెట్టిన చెక్ మత సంస్కర్త యాన్ హుస్, పాఠ్యపుస్తకాల ప్రకారం మతద్రోహి. ఆ ఇంట్లో మాత్రం అమరుడు.

చదువు కోసం ఇప్పుడు బ్రాతిస్లావా అంటున్న ఊరికి వెళ్లాడు. అక్కడ షఫారిక్ అనే స్నేహితుడితో కలిసి 1818లో చెక్ ఛందస్సు మీద పేరు వేసుకోకుండా చిన్న పుస్తకం తెచ్చాడు. 1823లో ప్రాగ్ చేరాడు. చేతిలో డబ్బు లేదు, వెనక పెద్ద పేరూ లేదు. స్టెర్న్‌బర్గ్ అనే జమీందారీ కుటుంబం పాత పత్రాలు సర్దే పని దొరికింది. ఆ కుటుంబమే ప్రాగ్ మ్యూజియానికి ప్రాణం పోసింది.

ఆ ఇంట్లో 1825లో ఒకరోజు భోజనాల దగ్గర జరిగిన సంభాషణ నాకు చాలా ఇష్టం. బల్ల దగ్గర స్టెర్న్‌బర్గ్ ప్రభువు, చెక్, పోలిష్, రష్యన్ లాంటి స్లావ్ భాషల శాస్త్రానికి ఆదిగురువు అనదగ్గ దొబ్రోవ్‌స్కీ, కుర్రవాడు పలాత్స్కీ ఉన్నారు. చెక్ భాష సంగతి వచ్చింది. ఇంక ఆలస్యమైపోయింది, ఈ భాషని తిరిగి నిలబెట్టడం కుదరదన్నది పెద్దవాళ్ల అభిప్రాయం. దొబ్రోవ్‌స్కీ చెక్ వ్యాకరణం రాసిన మనిషి, ఆయనకే నమ్మకం లేదు. అప్పుడు ఈ కుర్రవాడు అన్న మాటలు చెక్ వాళ్లకి కంఠతా వచ్చు. నేను జిప్సీ తెగలో పుట్టినా సరే, అందులో చిట్టచివరి మనిషినైనా సరే, మానవజాతి చరిత్రలో ఆ తెగకి గౌరవమైన జ్ఞాపకం ఒకటి మిగిలేలా నా శక్తికొద్దీ పాటుపడటం నా విధి అనుకుంటాను అన్నాడు.

ఈ మాటలో గెలుస్తామన్న ధీమా లేదు. భాష బతుకుతుందని ఆయన వాదించలేదు. చచ్చిపోయినా సరే పని మాత్రం చేయాల్సిందే అన్నాడు. ఉద్యమాల ఉపన్యాసాల్లో "మనదే భవిష్యత్తు" అనే మాటలు చాలా విన్నాను గానీ, ఓడిపోయినా చేస్తాను అని ఇంత నిమ్మళంగా చెప్పినవాళ్లు అరుదు. ఆ భోజనాల మాటల్లోంచే మ్యూజియం పత్రిక ఆలోచన పుట్టింది. 1827లో రెండు పత్రికలు మొదలయ్యాయి, ఒకటి జర్మన్‌లో, ఒకటి చెక్‌లో. చదువుకున్నవాళ్లంతా జర్మనే చదువుతారు కాబట్టి జర్మన్ పత్రికే నిలుస్తుందని అందరి లెక్క. 1831 కల్లా ఆగిపోయింది అదే. చెక్ పత్రిక నిలిచింది. అదే ఏడాది చెక్ పుస్తకాలు అచ్చువేయడానికి మాతిత్సె చెస్కా అనే నిధి పెట్టారు. యుంగ్‌మాన్ చెక్-జర్మన్ నిఘంటువు లాంటి పెద్ద పని బయటికి వచ్చింది దాని ఆసరాతోనే.

అసలు పని చరిత్ర. ప్రాగ్ రాజధానిగా ఉన్న బొహీమియా ప్రాంతపు ప్రభువుల సభ ఆయన్ని దేశ చరిత్ర రాయమంది. ఆస్థాన చరిత్రకారుడన్న బిరుదు ఇవ్వడానికి వియన్నా ఏళ్ల తరబడి ససేమిరా అంది. ఆయన బిరుదు కోసం ఆగకుండా పత్రాలు వెతుక్కుంటూ తిరిగాడు. జమీందార్ల కోటలు, మఠాలు, జర్మన్ నగరాల భండారాలు, 1837లో రోమ్‌లో వాటికన్ కూడా. ప్రొటెస్టెంట్ మనిషి పోపు గారి కాగితాల్లో, పోపు మీద తిరగబడ్డ హుస్ అనుచరుల చరిత్ర వెతికాడు. టైప్‌రైటర్ లేదు, ఫోటో లేదు, పక్కన కూర్చుని చేతితో ఎత్తి రాసుకోవాలి. ఫోన్‌తో పది పేజీలు ఫోటో తీయడానికే విసుక్కునే నాకు ఆ ఓపిక తలుచుకుంటే భయం వేస్తుంది.

మొదటి సంపుటం 1836లో వచ్చింది. జర్మన్ భాషలో. పేరు 'బొహీమియా చరిత్ర'. హుస్ కాలానికి వచ్చేసరికి సెన్సారు అధికారి పెన్ను పట్టుకు కూర్చున్నాడు. ఇది తీసెయ్యి, అది మార్చు అని రాయబారాలు నడిచాయి. పలాత్స్కీ కొన్ని చోట్ల తగ్గాడు, కొన్ని చోట్ల మొండికేశాడు. తర్వాత 1848 మార్చిలో విప్లవం వచ్చింది, సెన్సారు పోయింది. ఆ ఏడాదే చెక్ భాషలో మొదటి సంపుటం తెచ్చాడు. దాని పేరు 'బొహీమియా, మొరావియాల్లో చెక్ జాతి చరిత్ర'.

పలాత్స్కీ ప్రసంగాలు, ఉత్తరాలు, పార్లమెంటు పనులన్నిటికంటే ఈ పేరు మార్పే పెద్ద రాజకీయ చర్య అని నేను అనుకుంటాను. మొదటి పేరులో కథానాయిక భూమి. ఆ నేల మీద ఎవరుంటే వాళ్లది ఆ చరిత్ర. రాజు, ప్రభువు, జర్మన్ వర్తకుడు, చెక్ రైతు అందరూ అందులో పడతారు. రెండో పేరులో కథానాయకుడు జనం. ఒక భాష మాట్లాడే జనం, రెండు ప్రాంతాల్లో విస్తరించి, వెయ్యేళ్లుగా ఒకే జాతిగా నడిచి వచ్చిందని ఆ అట్ట చెప్తోంది. ఇదేదో అనువాదంలో వచ్చిన చిన్న తేడా కాదు. కొత్త పుస్తకంలో హుస్ ఉద్యమం దారితప్పిన మతోన్మాదం కాదు, చెక్ వాళ్లు ప్రపంచానికి ఇచ్చిన అత్యుత్తమమైనది. నాగలి పట్టుకున్న రైతు ఆ పుస్తకం విని, చరిత్ర అంటే దొరగారి వంశవృక్షం కాదు, తన తాతల కథ అనుకోగలిగాడు.

ఈ రకం పని మనకీ కొత్తేమీ కాదు. నిజాం రాజ్యంలో తెలంగాణలో కవులే లేరని ఎవరో రాస్తే, సురవరం ప్రతాపరెడ్డి గారు జవాబుగా 1934లో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చారు. అందులో 354 మంది కవులు. ఎదుటివాణ్ణి తిట్టలేదు, పేర్లు, పద్యాలు ఏరి ముందుపెట్టారు. ఆయన రాసిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాజుల యుద్ధాలు పక్కనపెట్టి తిండి, బట్ట, ఆట, పండగ చెప్పింది. 1952లో వనపర్తి నుంచి శాసనసభకీ గెలిచారు. ఆయన చరిత్రకారుడా, రాజకీయ నాయకుడా అని విడదీయమంటే నేను విడదీయలేను. పలాత్స్కీ విషయంలోనూ అంతే.

కానీ పేరు మార్చినందుకు చెల్లించాల్సిన మూల్యం ఒకటుంది. దాన్ని పలాత్స్కీ అభిమానులు దాటేస్తారు. బొహీమియాలో మూడోవంతుకి పైగా జనం జర్మన్ మాట్లాడేవాళ్లు. తరతరాలుగా అక్కడే పుట్టి అక్కడే పోయినవాళ్లు. 'బొహీమియా చరిత్ర' అన్న అట్ట కింద వాళ్లకి చోటుంది. 'చెక్ జాతి చరిత్ర'లో వాళ్లు ఎదుటి పక్షం అయిపోయారు. స్లావ్‌లకీ జర్మన్లకీ మధ్య రాకపోకలు, పోరాటాలే చెక్ చరిత్రకి మూలసూత్రమని ఆయన రాశాడు. రాకపోకలన్న మాట కూడా ఆయన రాసిందే, కాదనను. చదివినవాళ్ల మనసులో మిగిలింది మాత్రం పోరాటాలే. వందేళ్ల తర్వాత, రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, ఆ దేశం నుంచి దాదాపు 30 లక్షల జర్మన్లని వెళ్లగొట్టారు. దానికి హిట్లర్ ఆక్రమణ ముఖ్య కారణం. ఆ నేరం పలాత్స్కీ నెత్తిన పెట్టడం అన్యాయం. అయినా ఒక నేల చరిత్రని ఒక జాతి చరిత్రగా రాసినప్పుడు మిగతావాళ్లు ఎక్కడ నిలబడాలి అన్న ప్రశ్న ఆయన్ని అడగాల్సిందే.

ఇక 1848. ఏప్రిల్‌లో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఆయనకి పిలుపు వచ్చింది. జర్మన్ ప్రాంతాలన్నీ కలిపి ఒకే దేశం చేయడానికి పార్లమెంటు పెడుతున్నారు, బొహీమియా తరఫున మీరు రండి అని. గౌరవమే అది. ఏప్రిల్ 11న ఆయన జవాబు రాశాడు. నేను స్లావ్ జాతికి చెందిన చెక్ వాణ్ణి, మాది చిన్న జాతే అయినా దానికే నన్ను నేను అంకితం చేసుకున్నాను, కాబట్టి రాను అన్నాడు. అంతటితో ఆగలేదు. ఆస్ట్రియా సామ్రాజ్యం ముక్కలై చిన్న చిన్న గణతంత్రాలైతే రష్యా వాటన్నిటినీ మింగుతుందని, ఆస్ట్రియా అనేదే లేకపోతే యూరప్ మేలు కోసం, మానవజాతి మేలు కోసం మనమే దాన్ని త్వరగా సృష్టించాల్సి వచ్చేదని రాశాడు. స్లావ్‌వాడై ఉండీ, స్లావ్ పేరు చెప్పుకుని వచ్చే రష్యా ఏకఛత్రాధిపత్యాన్ని మహా కీడు అన్నాడు. ఆ ఉత్తరం రాసింది కూడా జర్మన్‌లోనే.

ఈ ఉత్తరం చదివితే నాకు మొదట నిరాశ కలిగింది. జాతి కోసం ఇంత తపించిన మనిషి, స్వతంత్రం అడక్కుండా సామ్రాజ్యాన్ని వెనకేసుకొచ్చాడేమిటి? తర్వాత 1939 మార్చిలో జర్మన్ సైన్యం ప్రాగ్‌లో దిగిన సంగతి, 1968 ఆగస్టులో సోవియట్ ట్యాంకులు దిగిన సంగతి గుర్తొచ్చాయి. ఇద్దరు మహాబలుల మధ్య ఇరుక్కున్న చిన్న జాతికి గొడుగు ఒకటి కావాలని ఆయన లెక్క. ఆ లెక్క పిరికితనంలోంచి వచ్చింది కాదు. వెయ్యేళ్ల చరిత్ర చేతితో ఎత్తి రాసుకున్న మనిషికి పక్కవాళ్ల బలం ఎంతో తెలుసు.

అదే ఏడాది మేలో మంత్రి పదవి ఇస్తామంటే వద్దన్నాడు. జూన్‌లో ప్రాగ్‌లో జరిగిన స్లావ్ మహాసభకి అధ్యక్షుడయ్యాడు. సభ ముగియకముందే వీధుల్లో తిరుగుబాటు లేచి, సైన్యం నగరం మీద ఫిరంగులు పేల్చింది. అప్పటి చెక్ నాయకులని ఎంగెల్స్ తీవ్రంగా ఎద్దేవా చేశాడు. పలాత్స్కీ మతిచలించిన జర్మన్ పండితుడని, చెక్ భాష కూడా సరిగా మాట్లాడలేడని రాశాడు. ఆ వ్యాసం మార్క్స్ పేరుతో న్యూయార్క్ పత్రికలో వచ్చింది. మొరావియా పల్లెలో చెక్ మాట్లాడుతూ పుట్టిన మనిషి గురించి అది పచ్చి అబద్ధం. ఎంగెల్స్ అంటే నాకు గౌరవం, అందుకే ఆ వాక్యం చదివినప్పుడు ఎక్కువ బాధపడ్డాను. చిన్న జాతులకి చరిత్ర ముగిసిపోయిందని తీర్పు చెప్పడం ఎంత మేధావికైనా ఎంత సులువో చూడండి.

మన తెలుగువాళ్లం ప్రత్యేకంగా చూడాల్సింది ఆ తర్వాతి ఘట్టం. ఆస్ట్రియా పార్లమెంటుని క్రొమెరీజ్ అనే ఊరికి తరలించారు. ఆ ఊళ్లోని ఆర్చిబిషప్ భవనమే ఇప్పుడు వెయ్యి క్రౌన్ల నోటు వెనకవైపు ఉంది. అక్కడ రాజ్యాంగ సంఘంలో, 1849 జనవరిలో, పలాత్స్కీ ఒక ప్రతిపాదన పెట్టాడు. సామ్రాజ్యాన్ని పాత రాజ్యాల హద్దుల ప్రకారం కాకుండా భాషాజాతుల ప్రకారం ఎనిమిది భాగాలు చేయాలని. జర్మన్లవి ఒకటి, చెక్, స్లొవాక్‌లవి ఒకటి, పోలిష్ వాళ్లవి ఒకటి, హంగేరియన్లవి ఒకటి, ఇలా. దాని ప్రకారం బొహీమియాలో జర్మన్లున్న జిల్లాలని కూడా వదులుకోవడానికి సిద్ధపడ్డాడు. ఇంతకుముందు నేను అడగాలన్న ప్రశ్నకి ఆయన ఒకసారి ఇచ్చిన జవాబు ఇదేనేమో. కానీ సంఘం ఒప్పుకోలేదు. మార్చిలో చక్రవర్తి సైనికులని పంపి పార్లమెంటునే మూసేశాడు.

ఆ ప్రతిపాదన తర్వాత 104 ఏళ్లకి, పొట్టి శ్రీరాములు గారి ప్రాణం పోయాక, 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఒకదాన్ని చూసి ఒకటి వచ్చిందని అనను. ప్రశ్న మాత్రం ఒకటే. పాలనకి హద్దు గీయాలంటే భాష చూడాలా, ఆ ప్రాంతం నడిచొచ్చిన చరిత్ర చూడాలా? పలాత్స్కీ ఈ రెండింటి మధ్య ఊగిసలాడాడు. 1849లో భాష అన్నాడు. 1860ల్లో మళ్లీ మాట మార్చి, బొహీమియా రాజ్యానికి పాతకాలం నుంచి ఉన్న హక్కుల ప్రకారం మొత్తం నేల ఒకటిగా ఉండాలన్నాడు. ఇదివరకు నేనైతే దీన్ని అవకాశవాదం అనేసేవాణ్ణి. 1956లో ఒకే భాష అని కలిసి, 2014లో చరిత్ర వేరని విడిపోయిన తెలుగువాళ్లలో ఒకడిగా ఇప్పుడు ఆ మాట అనలేను. మా ఇంట్లోనే ఒకవైపు బంధువులు ఒకలా, ఇంకోవైపు వాళ్లు ఇంకోలా వాదించారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది.

1850లు ఆయనకి గడ్డుకాలం. పోలీసు నిఘా పెట్టారు. 1852లో తాను కట్టిపెంచిన మ్యూజియం కమిటీలోంచే తప్పించారు. ఆయన చరిత్ర సంపుటాలు రాసుకుంటూ కూర్చున్నాడు. 1861లో రాజ్యాంగ పాలన తిరిగి వచ్చాక వియన్నా ఎగువసభలో జీవితకాల సభ్యత్వం ఇచ్చారు. 1865లో సామ్రాజ్యాన్ని హంగేరియన్లతో రెండుగా పంచుకునే బేరం నడుస్తోందని తెలిసి, మేము ఆస్ట్రియాకి ముందూ ఉన్నాం, దాని తర్వాతా ఉంటాం అని రాశాడు. సామ్రాజ్యాన్ని మేమే సృష్టించాల్సి వచ్చేదన్న మనిషే ఈ మాటా అన్నాడు. 1867లో ఆ పంపకం జరిగిపోయింది. దానికి నిరసనగా చెక్ నాయకులు సభలని బహిష్కరించి ఏళ్ల తరబడి బయటే కూర్చున్నారు. అది తప్పుడు ఎత్తుగడ అని నా అభిప్రాయం. ప్రభువుల మీద అంతగా ఆధారపడటమూ తప్పే. 1874లో యువ నాయకులు విడిపోయి వేరే పార్టీ పెట్టుకున్నారంటే కారణం అదే.

ఇవన్నీ రాజకీయపు పొరపాట్లు. నన్ను ఎక్కువ కలవరపెట్టింది చరిత్రకారుడిగా ఆయన చేసిన పొరపాటు.

1817లో హంకా అనే కవి ఒక చర్చిలో పాత తాళపత్రాల లాంటి తోలు పత్రాలు దొరికాయన్నాడు. పదమూడో శతాబ్దపు చెక్ వీరగాథలట. మరుసటి ఏడాది ఇంకో రాతప్రతి మ్యూజియంకి పేరులేకుండా వచ్చింది. అది ఇంకా పాతదట. అందులో లిబూషె అనే రాణి అన్నదమ్ముల ఆస్తి తగువు తీరుస్తుంది. రాతలో ఉన్న చట్టం పలకలు, జనసభ, ఓట్లు, జర్మన్ల దగ్గర న్యాయం వెతుక్కోవడం మనకి పరువు కాదన్న మాట, అన్నీ ఉన్నాయి. తన జాతికి పురాతన నాగరికత ఉందని రుజువు చేయాలని తపిస్తున్న చరిత్రకారుడికి ఏం కావాలో సరిగ్గా అదే. రెండోది దొంగరాత అని దొబ్రోవ్‌స్కీ చూడగానే అన్నాడు. 1824లో అచ్చులో కూడా చెప్పాడు. ఆ ముసలాయన్ని ద్రోహి అన్నట్టు చూశారు. పలాత్స్కీ, షఫారిక్ కలిసి 1840లో అవి నిజమైనవే అని పుస్తకం వేశారు. ప్రాచీన స్లావ్‌ల సమాజం గురించి పలాత్స్కీ రాసిన భాగాలు వాటి మీద ఆనుకున్నాయి. 1858, 59ల్లో మళ్లీ అనుమానాలు వస్తే మళ్లీ సమర్థించాడు. చనిపోయేదాకా నమ్మాడు.

ఇది అమాయకత్వం అనుకుని వదిలేయడానికి నాకు మనసొప్పదు. పాత పత్రాల సిరా, తోలు, లిపి, భాష చూసి కాలం చెప్పగల మనిషి ఆయన. వేరే పత్రాల మీద వాడిన పదును వీటి మీద వాడలేదు. ఎందుకు వాడలేదో నాకు తెలుసు, ఎందుకంటే నేనూ ఆ పని చేశాను. ఆమధ్య మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో తెలుగు గురించి ఒక గొప్ప మాట వచ్చింది. ఒక విదేశీ పండితుడు అన్నాడని. చదివి ఒళ్లు పులకరించి పదిమందికి పంపాను. మర్నాడు వెతికితే ఆ మాట ఆయన అన్నట్టు ఎక్కడా ఆధారం దొరకలేదు. గ్రూపులో ఆ సంగతి చెప్తే, మా బాబాయ్ "మన గొప్ప మనం చెప్పుకుంటే నీకేంట్రా బాధ?" అన్నాడు. జవాబు చెప్పలేక ఊరుకున్నాను. మా బాబాయ్ చెడ్డవాడు కాదు. తెలుగంటే నాకంటే ఎక్కువ ప్రేమ ఆయనకి. ఆ ప్రేమే ఆధారం అడగనివ్వలేదు. పలాత్స్కీని 1813లో సిగ్గుపడేలా చేసిన ప్రేమ, వాటికన్‌లో కూర్చోబెట్టి చేతులు నొప్పిపుట్టేలా రాయించిన ప్రేమ, హంకా పత్రాల దగ్గర కళ్లు మూసింది కూడా అదే.

1868 మే 16న ప్రాగ్‌లో జాతీయ రంగశాలకి శంకుస్థాపన జరిగింది. రాయి మీద సుత్తితో కొట్టినవాళ్లలో పలాత్స్కీ ప్రముఖుడు. జనం చందాలతో కట్టుకున్న కట్టడం అది. వేదిక పైన 'జాతి తనకు తాను' అని రాసి ఉంటుంది. దాని కింద నిలబడి తల ఎత్తి చూస్తే నాకు కళ్లు చెమ్మగిల్లాయి. 1881లో అది తెరిచినప్పుడు మొదట ఆడింది స్మెతానా సంగీతం కూర్చిన 'లిబూషె' ఒపెరా. ఆ కథకి ఆధారాల్లో ఆ దొంగ రాతప్రతి ఒకటి. జనం ఇచ్చిన డబ్బు నిజం, రాయి నిజం, సంగీతం నిజం. కింద పరిచిన కాగితం మాత్రం అబద్ధం.

పలాత్స్కీ చెక్ చరిత్ర 1526 దగ్గర ఆగుతుంది. హాబ్స్‌బర్గ్ వంశం బొహీమియా సింహాసనం ఎక్కిన ఏడాది అది. ఆ వంశం పాలనలోనే ఉంటూ ఆ వంశం కథ నిజంగా రాయడం కుదరదు. రాయకుండా వదిలేసి, రాసినవాటినే దిద్దుకుంటూ పోయాడు. చివరి సంపుటం పూర్తయిందని 1876 ఏప్రిల్ 23న ప్రాగ్‌లో ఆయనకి సన్మానం చేశారు. 77 ఏళ్లు. మన జాతి పెద్ద ప్రమాదంలో ఉంది, అయినా నేను నిరాశపడను అన్నాడు. చదువుకోవాలి, చదువుకున్న బుద్ధి ఏం చెప్తే అది చేయాలి, చనిపోతూ నా జాతికి నేను ఇచ్చే వీలునామా ఇదొక్కటే అన్నాడు. మే 26న పోయాడు.

దాదాపు పదేళ్లకి, 1886 ఫిబ్రవరిలో, గెబావర్ అనే భాషాశాస్త్ర ప్రొఫెసర్ 'అథెనేయం' అనే పత్రికలో ఆ రాతప్రతుల భాషలో ఉన్న తప్పులు బయటపెట్టాడు. పత్రిక సంపాదకుడు మసరిక్, మొరావియా వాడే, బగ్గీ తోలేవాడి కొడుకు. అబద్ధం మీద నిలబెట్టిన గౌరవం గౌరవం కాదన్నది అతని వాదన. పత్రికలు విరుచుకుపడ్డాయి. ద్రోహి, పోయి మా శత్రువుల్లో కలువు అన్నారు. అతను వెనక్కి తగ్గలేదు. తర్వాత 1895లో చెక్ సమస్య గురించి పుస్తకం రాసినప్పుడు, గురువుగా ముందు నిలబెట్టుకుంది పలాత్స్కీనే. 1918లో చెకోస్లోవాకియా ఏర్పడితే దానికి మొదటి అధ్యక్షుడు ఇతనే.

నేను తిరిగి వచ్చేసే ముందు రోజు వ్లతావా నది ఒడ్డున పలాత్స్కీ విగ్రహం దగ్గరికి వెళ్లాను. నల్లబడ్డ కంచు బొమ్మలు చుట్టూ ఎగిరిపడుతుంటే, మధ్యలో రాతి పలాత్స్కీ కదలకుండా కూర్చుని ఉంటాడు. గెబావర్ వ్యాసం నా మనసులోనే తిరుగుతోంది. అది చెక్ భాషలో రాసింది. చెక్‌లో పాఠం చెప్పే విశ్వవిద్యాలయంలో పనిచేసే ప్రొఫెసర్ రాసింది. దాన్ని చదివి తిట్టినవాళ్లు, మెచ్చినవాళ్లు వేలమంది, అంతా చెక్‌లోనే. 1825లో ఆ భోజనాల బల్ల దగ్గర ఇంక కుదరదని తీర్మానించింది ఆ భాష గురించే.